రెండువందల కిలోల లోపు

హైవే మీద నూటపన్నెండో కిలోమీటరు దగ్గర తారు అలలు దేలిందని ఫోన్ వస్తే వకుళ నమ్మలేదు. ఏ రోడ్డు ఏ ఏడు ఎక్కడ పాడవుతుందో ముందే లెక్క తేల్చి చెప్పేది తన బృందమే. ఆ ముక్కకి ఎనిమిదేళ్ళ వరకూ ఢోకా లేదని రాసి, కింద సంతకం పెట్టింది తనే. రోడ్డు వేసి రెండేళ్ళు కూడా కాలేదు.

మర్నాడు పొద్దున పదింటికి వెళ్ళి చూసింది. నిజమే. ఎడమవైపు లైన్లో సరిగ్గా ముప్పై మీటర్ల మేర తారు ముడతలు పడింది. దానికి ముందు నున్నగా ఉంది, తరవాతా నున్నగా ఉంది. బండ్లు ఒకేచోట మళ్ళీ మళ్ళీ గట్టిగా బ్రేకులేస్తే తారు అలా ముందుకు నెట్టుకుపోతుంది. మలుపుల దగ్గర, సిగ్నళ్ళ దగ్గర, టోల్ గేట్ల దగ్గర అది మామూలే. ఇక్కడ అవేవీ లేవు. గీత గీసినట్టు తిన్నగా పోతున్న రోడ్డు. ఒక పక్క పొగాకు చేలు, ఇంకో పక్క సుబాబుల్ తోట, మధ్య డివైడర్ మీద గన్నేరు మొక్కలు. వకుళ అరగంట సేపు అంచున నిలబడి చూసింది. ఒక్క బండి కూడా బ్రేకు వెయ్యలేదు.

"రోడ్డు తప్పు చెయ్యదమ్మా, మన డేటాలోనే ఏదో మురికి మిగిలి ఉంటుంది" అన్నారు పరాంకుశం గారు, ఆవిడ ప్రయోగశాలకి తిరిగొచ్చి చెప్పాక. "ఆ కిలోమీటరు మొత్తం మొదటినించి మళ్ళీ శుభ్రం చేసి తీసుకురా."

పరాంకుశం గారు ఆ ఒంగోలు శివారు ప్రయోగశాలకి పెద్ద. అరవై దాటిన మనిషి. తారు పొర కింద జానెడుకొకటి చొప్పున పరిచే గాజు తంతువు ఆయన కనిపెట్టిందే. వెంట్రుక మందాన ఉండే ఆ తంతువు మీద ఏ బరువు పడ్డా, ఎంత బరువు, ఎంత వేగం, ఎక్కడ తొక్కింది, ఎక్కడ ఆగింది అన్నీ రాసి పెడుతుంది. ఆ రాతలన్నీ చేరేది వకుళ బల్ల మీదికి. వచ్చినవి వచ్చినట్టు వాడటానికి పనికిరావు. ఎండకి తారు ఉబ్బితే లేని లారీ ఉన్నట్టు చూపిస్తుంది. వాన పడితే గంటల కొద్దీ ఖాళీలు. ఒకే బండి రెండుసార్లు నమోదవుతుంది. వాటిని ఏరి, దిద్ది, ఖాళీలు పూరించి, లెక్కకి పనికొచ్చేలా తయారు చెయ్యడం పన్నెండేళ్ళుగా వకుళ పని. ఆ ఏరివేతకి ఆవిడే ఒక నియమం పెట్టింది. రోడ్డుని విరగదీసేది లారీలు, బస్సులు. మనుషులూ మేకలూ సైకిళ్ళూ కాదు. కాబట్టి రెండువందల కిలోల లోపు బరువులన్నీ రొద. అవి లెక్కలోకి రాకుండా పక్కకి పోతాయి. ఆ పక్క గదిని ఇంతవరకూ ఎవరూ తెరిచి చూడలేదు.

రెండ్రోజులు కూర్చుని పెద్ద బండ్ల డేటా అంతా జల్లెడ పట్టింది. తప్పు దొరకలేదు. బ్రేకులు మాత్రం నిజం. రోజూ పొద్దున పావుతక్కువ ఆరు నించి ఆరున్నర దాకా, అదే చోట. అటుపైన లేవు. తను పదింటికి వెళ్ళింది కాబట్టే చూడలేకపోయింది. మూడో రోజు, ఇక వేరే దారి లేక, రొద తెరిచింది.

కనబడింది ఒక మనిషి నడక. నలభై ఆరు కిలోల మనిషి. రోజూ పొద్దున పావుతక్కువ ఆరుకి పొగాకు చేల మధ్య బాట మీంచి రోడ్డెక్కి, తెల్లగీత దగ్గరికి వచ్చి నిలబడుతోంది. బాగా తెల్లారాక తిరిగి వెళ్ళిపోతోంది. మసక వెలుతురులో రోడ్డంచున మనిషి ఆకారం ఉన్నట్టుండి కనబడగానే డ్రైవర్లు అదిరిపడి బ్రేకేస్తున్నారు. అంతే సంగతి. వకుళకి నవ్వొచ్చింది. ఒక సన్నపాటి మనిషి, కాలు కదపకుండా, ముప్పై మీటర్ల హైవేని పాడుచేసింది.

"బస్సు కోసం నిలబడేవాళ్ళేమో సార్."

"అయితే ఎవరినన్నా పంపి అక్కడ నిలబడొద్దని చెప్పిద్దాం" అన్నారు పరాంకుశం గారు తేలిగ్గా. "ఎప్పట్నించి మొదలైందో ఒక్క తేదీ పట్టుకో. లెక్క అక్కణ్ణించి తిరిగి కడదాం."

తేదీ పట్టుకోవడం కష్టమేమీ కాలేదు. నడకలు వెనక్కి, వెనక్కి పోయి, కిందటేడు జనవరి పంతొమ్మిదిన ఆగిపోయాయి. దానికి ముందు ఆ నలభై ఆరు కిలోలు ఆ రోడ్డు ఎక్కలేదు. పనయిపోయింది, తేదీ రాసుకుని లేవొచ్చు. అయినా అలవాటు కొద్దీ ముందురోజు కూడా చూసింది. ఒక తేదీ ఖాయం చేసే ముందు అటూ ఇటూ చూడటం ఆవిడ తన కింద పనిచేసేవాళ్ళందరికీ నేర్పిన పాఠం.

జనవరి పద్దెనిమిది. పొద్దున అయిదూ యాభై మూడు. అరవై ఒక్క కిలోల మనిషి రోడ్డంచున దక్షిణం నించి నడిచి వస్తున్నాడు. వెనక నించి ఆరున్నర టన్నుల చిన్న లారీ. అది ఎడమకి ఒక గజం వాలింది. అడుగులు ఆగిపోయాయి. మరుక్షణం అదే అరవై ఒక్క కిలోలు అయిదున్నర అడుగుల పొడవున, ఏడు తంతువుల మీద పరుచుకుని ఉంది.

లారీ రెండువందల మీటర్లు పోయి ఆగింది. ఒక మనిషి దిగాడు. నలభై సెకన్లు నిలబడ్డాడు. ఎక్కాడు. లారీ వెళ్ళిపోయింది.

పడిన బరువు కదిలింది.

వకుళ కుర్చీ వెనక్కి జరిపింది. మళ్ళీ ముందుకి లాక్కుంది. బరువు తల వైపు నించి కాళ్ళ వైపుకి కొంచెం మారుతోంది, మళ్ళీ వస్తోంది. తల దగ్గర చిన్న చిన్న దెబ్బలు నమోదవుతున్నాయి, అరచేత్తో నేల మీద కొట్టినట్టు. ఆరూ ముప్పై ఆరుకి అన్నీ ఆగిపోయాయి. ఆ తరవాత కదలని బరువు. ఏడూ పదికి చాలా అడుగులు ఒక్కసారిగా వచ్చాయి.

నలభై మూడు నిమిషాలు. ఈ మధ్యలో ఆ లైన్లో పదిహేడు బండ్లు పోయాయి. బరువుని బట్టి, చక్రాల మధ్య దూరాన్ని బట్టి ఏది ఏ బండో పోల్చుకోవడం ఆవిడకి కొట్టిన పిండి. పాల వ్యాను. ఇసుక లారీ. ప్రయివేటు బస్సు. కొన్ని పక్కకి తప్పుకున్నాయి, కొన్ని అదీ లేదు. ఆరూ రెండుకి పోయిన బండి దగ్గర వకుళ చెయ్యి ఆగిపోయింది.

ముందు ఇరుసు పదకొండువందల నలభై. వెనక ఇరుసు పద్నాలుగువందల పది. ఈ అంకెలు ఆవిడ నిద్రలో కూడా చెప్పగలదు. తంతువులు సరిగా తూస్తున్నాయో లేదో చూడటానికి కొలబద్దగా వాడే బండి బరువులు అవి. రోడ్డు నునుపుని లేజర్‌తో కొలుచుకుంటూ పోయే ప్రయోగశాల సర్వే వ్యాను. వేగం ఎనభై. ఒక్క కిలోమీటరు తగ్గలేదు, పెరగలేదు. ఆ చోట మాత్రం మూరెడు కుడికి జరిగి మళ్ళీ లైన్లోకి వచ్చింది.

ఆ వ్యాను వెనక సీట్లో, కంప్యూటర్ తెరల ముందు, శాలువా కప్పుకుని కూర్చున్నది తనే.

ఆ పొద్దు గుర్తుకొచ్చింది. మంచు. డ్రైవర్ మస్తాన్ అన్నాడు, "మేడమ్, ఎడంపక్క ఏదో పడుందండీ" అని. తను తల ఎత్తలేదు. "తగ్గించొద్దు మస్తాన్. బ్రేకేస్తే ఈ కొలత రన్ అంతా పోతుంది, మళ్ళీ మొదట్నించి రావాలి" అంది. ఇంకేమీ జరగలేదు. ఆ సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని లేజర్ కొలతలు సరిచూస్తుంటే, నున్నటి రోడ్డు మీద జానెడెత్తు గుట్ట ఒకటి తేలింది. వకుళ పాత పట్టిక తీసి చూసింది. ఆ వరస ఎదురుగా తన రాతే ఉంది. "రోడ్డుకు సంబంధం లేని వస్తువు. తొలగించాను. - వ."

ఆ రోజు ఇంటికి ఎలా చేరిందో తెలియదు. భర్త కేశవ కాలేజీ నించి ముందే వచ్చి ఉప్మా చేశాడు. ప్లేటు ముందు పెడితే తినలేదు. "ఒంట్లో బాగాలేదా?" అంటే తల ఊపింది. మర్నాడు కూతురు మనోజ్ఞని స్కూటర్ మీద బడికి తీసుకెళ్తూ, లాయరుపేట దాటగానే ఉన్నట్టుండి బ్రేకేసింది. పిల్ల వచ్చి వీపుకి గుద్దుకుంది. వెనక ఆటోవాడు తిట్టుకుంటూ పక్కనించి పోయాడు.

"ఏందమ్మా, రోడ్డు మీద ఏం లేదుగా?"

"ఏదో ఉన్నట్టనిపించింది."

బడికి చేరేలోగా ఇంకో రెండుసార్లు అలాగే ఆగింది. పిల్ల దిగి, తల్లి ముఖంలోకి కాసేపు చూసి, "సాయంత్రం నేను ఆటోలో వస్తాలే" అని లోపలికి వెళ్ళిపోయింది. వకుళ స్కూటర్ నడిపించుకుంటూ ఇంటికి వచ్చింది. కాలు కింద పెట్టినప్పుడల్లా కింద ఏదో తన బరువు తూచి రాసుకుంటున్నట్టే ఉంది. ఊళ్ళో రోడ్ల కింద తంతువు లేదని ఆవిడకి తెలుసు. అయినా అలాగే ఉంది.

మస్తాన్ ఆ సర్వే అయిన నెలకే ఉద్యోగం మానేశాడు. కారణం ఎవరూ అడగలేదు. టంగుటూరులో టైర్ల కొట్టు పెట్టుకున్నాడని ఎవరో చెబితే బస్సెక్కి వెళ్ళింది. ఆవిణ్ణి చూడగానే అతను చేతిలో గాలిగొట్టం కింద పెట్టేశాడు.

"తెలిసిందా మేడమ్?"

"నువ్వు చూశావా మస్తాన్?"

"చూశా." అతను నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూనే ఉన్నాడు. "గోనె సంచి అనుకున్నా ముందు. దాటేటప్పుడు చెయ్యి లేచింది మేడమ్. సంచికి చెయ్యి ఉండదు గదా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పా గదండీ. ఏదో పడుందన్నా. మీరు తగ్గించొద్దన్నారు. మీరన్నారు గదాని నేనూ ఊరుకున్నా." అతని గొంతులో నిష్ఠూరం లేదు. "మిమ్మల్ని ఆఫీసు కాడ దింపి మోటార్ సైకిలేసుకుని ఎనక్కి పోయా. అప్పటికే జనం మూగారు. పోలీసులు గుడ్డ కప్పారు. అక్కడికక్కడే పోయాడంట అన్నారు ఎవరో. హమ్మయ్య అనుకున్నా మేడమ్. అల్లా తోడు, అదే అనుకున్నా. మనం ఆగినా ఏం ఒరిగేది కాదులే అని."

ఆవిడ ముఖం చూసి అతనే అడిగాడు.

"కాదా?"

"మనం వెళ్ళాక ముప్పై నాలుగు నిమిషాలు బతికున్నాడు."

మస్తాన్ టైర్ల గుట్ట మీద కూర్చుండిపోయాడు. పంక్చర్ కోసం ఎవరో బండి తెచ్చి రెండుసార్లు పిలిచారు. అతను లేవలేదు.

పోయినతని పేరు అంకయ్య అని మస్తానే చెప్పాడు. డివైడర్ మీద గన్నేరు మొక్కలకి నీళ్ళు పోసే కూలీ. పొగాకు చేల వెనక చిలకలేరు అనే చిన్న ఊరు. అక్కణ్ణించి రోజూ తెల్లారకముందే నడిచి పనికి వెళ్ళేవాడు. భార్య రత్తమ్మ ఉంది. పిల్లలు లేరు.

పరాంకుశం గారు అంతా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఏం చేద్దామనుకుంటున్నావు?"

"పోలీసులకి ఇస్తాను సార్. ఆ లారీ ఇప్పటికీ అదే రోడ్డు మీద తిరుగుతోంది. ముందు ఎడమ టైరు ఒక పక్కకి అరిగిన గుర్తు అలాగే ఉంది. ఒక్క పూటలో పట్టుకోవచ్చు."

"మన వ్యాను?"

"అదీ ఇస్తాను."

"నీ సంగతి, నా సంగతి వదిలేయ్ వకుళా." ఆయన గొంతు అలిసిపోయి ఉంది. "రేపు పేపర్లో వస్తుంది, రోడ్డు కింద పెట్టిన తీగకి ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరింటి బాట పట్టారో అంతా తెలుసని. జనం ఊరుకుంటారా? పెకిలించేస్తారు. ఈ తంతువు వల్ల పోయినేడు మూడు వంతెనలు కూలకముందే పట్టుకున్నాం. అది నీకూ తెలుసు. రోడ్డు మనకి రోగి అమ్మా. నాడి చూడటం వరకే మన పని. దాన్ని సాక్షిని చెయ్యమాకు."

"సాక్షే కదా సార్. మనం చెయ్యకపోయినా సాక్షే."

ఆవిడ తలుపు దాకా వెళ్ళాక ఆయన అన్నారు. "ఆ డేటా చెరిపెయ్యమని నేను నీకు చెప్పను. కానీ నిల్వకి చోటు చాలక, పాత రొద అంతా ఈ నెల ముప్పై ఒకటిన తీసెయ్యమని ఆర్డరు పోయినవారమే వెళ్ళింది. దాన్ని ఆపుదామంటే కారణం రాయాలి. కారణం రాయడం నా వల్ల కాదు."

అప్పటికి ఇరవై ఆరో తేదీ.

పోలీసుల దగ్గరికి వెళ్ళే ముందు రత్తమ్మని చూడాలనుకుంది వకుళ. ఎందుకో తనకీ సరిగా తెలియదు. ఇరవై ఎనిమిదిన మొదటి బస్సుకి బయల్దేరి, కండక్టరుని బతిమాలి నూటపన్నెండో కిలోమీటరు దగ్గర దిగింది. ఇంకా వెలుగు రాలేదు. తెల్లగీత పక్కన సన్నగా, పొట్టిగా ఒక ఆడమనిషి, తలమీద కొంగు కప్పుకుని నిలబడి ఉంది. తెరమీద ఎన్నిసార్లు చూసినా, నలభై ఆరు కిలోలంటే ఇంత కొంచెం మనిషని వకుళ అనుకోలేదు.

"బస్సు ఇక్కడ ఆపరమ్మా, ముందుకి పో" అంది రత్తమ్మ.

"నేను మీకోసమే వచ్చానమ్మా. రోడ్డు ఆఫీసు నించి."

"ఇక్కడ నిలబడొద్దని చెప్పడానికా? మొన్న ఒకాయనొచ్చి చెప్పిపోయాడు. నేను గీత లోపలికి రాను. నేనేం జేశా మిమ్మల్ని?"

"అందుకు కాదమ్మా. రోజూ ఎందుకు నిలబడతారు ఇక్కడ?"

రత్తమ్మ రోడ్డు వైపే చూస్తూ చెప్పింది. "నా పెనిమిటి ఈడనే పోయాడు. ఆ రోజు టీ తాగి పొమ్మన్నా. ఆలస్యమయిద్దని తాగకుండానే పోయాడు. ఇంటికాడ ఆ టయానికి ఉండబుద్ధి కాదు. ఈడికొస్తా. పోలీసులు చెప్పారు లే, అక్కడికక్కడే పోయాడు, ఆయనకేం తెలీలేదు అని. అదొక్కటే నాకు ఆసరా. నొప్పి తెలియకుండా పోయాడు గదా."

ఒక లారీ దూరం నించి వచ్చి, రత్తమ్మని చూసి బ్రేకేసి, హారన్ కొట్టి పోయింది. కాళ్ళ కింద నేల అదిరింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు, అనుకుంది వకుళ. లారీవాడి సంగతి ఒక్కటే కాగితం మీద రాసి ఇచ్చి, మిగతాది ముప్పై ఒకటిన చెరిగిపోనిస్తే ఈవిడకి ఆ ఆసరా మిగులుతుంది. తనకీ మిగులుతుంది. వ్యాను సంగతి ఎవరికీ తెలియదు. ఆవిడకి ఆ ఆలోచన ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ హాయిని చూసే భయం వేసింది.

"అక్కడికక్కడే పోలేదమ్మా" అంది.

చెప్పింది. తీగ సంగతి, లారీ సంగతి, నలభై మూడు నిమిషాల సంగతి, పదిహేడు బండ్ల సంగతి. రత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు.

"అంటే నేను పొయ్యి ఎలిగించి, గిన్నెలు తోముకుని, బర్రెకి గడ్డేసిందాకా... బతికే ఉన్నాడా ఈడ?"

"ఉన్నాడమ్మా."

"అర్ధమైలు లేదే మా ఇల్లు."

"ఆ పదిహేడులో ఒక బండి మాదేనమ్మా. నేనందులో ఉన్నాను."

రత్తమ్మ మొదటిసారి ఆవిడ వైపు పూర్తిగా తిరిగింది. "నువ్వు చూశావా?"

"చూడలేదు. డ్రైవరు ఏదో ఉందన్నాడు. ఆపొద్దన్నాను. తల ఎత్తి చూడలేదు."

"దేనికి ఆపొద్దన్నావు?"

ఆ ప్రశ్నకి సమాధానం వకుళ ఎన్నోసార్లు లోపల్లోపల చెప్పుకుంది. బయటికి చెప్పేసరికి అది మరీ చిన్నదయిపోయింది. "రోడ్డు ఎంత నున్నగా ఉందో కొలుస్తున్నామమ్మా. ఆపితే కొలత పాడవుతుందని."

తూర్పున సుబాబుల్ చెట్ల పైన ఎర్రబడింది.

"పో ఇక్కణ్ణించి" అంది రత్తమ్మ చివరికి. వకుళ నాలుగడుగులు వేశాక వెనకనించి మళ్ళీ పిలిచింది. "ఆ లారీవోడు ఎవడో తెలుస్తదా?"

"తెలుస్తుంది."

"అయితే రాసియ్యి. నీ బండి సంగతి గూడా రాయి. ఏదీ దాయమాక."

వకుళ ఆ రోజే, లారీ, వ్యాను నమోదుల నకళ్ళతో సహా, పోలీసులకి రాసి ఇచ్చింది. మస్తాన్ వచ్చి సాక్షి సంతకం పెట్టాడు. పోలీసులు మొదట నవ్వారు, రోడ్డు చెప్పిందా అని. తరవాత టైరు గుర్తు పట్టుకుని వెతికితే పదకొండు రోజుల్లో లారీ దొరికింది. ఆ డ్రైవరు కుక్క అనుకున్నానన్నాడు. నలభై సెకన్లు దిగి చూశావు కదా అని అడిగితే తల గోడకేసి కొట్టుకున్నాడట. కేసు కోర్టుకెక్కింది. పరాంకుశం గారు అన్నట్టే పేపర్లో వచ్చింది. ఆయన భయపడినట్టు జనం తంతువుల్ని పెకిలించలేదు. పైవాళ్ళు ఇంకో దారి చూశారు. ఇకనించి రెండువందల కిలోల లోపు బరువు ఏదీ తంతువు రాసుకోనే కూడదని కొత్త ఆజ్ఞ తెచ్చారు. ఆ ఆజ్ఞకి కావాల్సిన మార్పు తయారు చెయ్యమని వకుళకే అప్పగించారు. ఆవిడ చెయ్యలేదు. ఉద్యోగానికి రాజీనామా రాసి ఇచ్చింది. ఆ మార్పు పరాంకుశం గారే స్వయంగా చేశారని, చేసిన రోజు మధ్యాహ్నం భోజనానికి లేవలేదని తరవాత విన్నది. ఇప్పుడు ఆ రోడ్ల మీద ఎవరు నడిచినా, ఎవరు పడినా, రోడ్డుకి తెలియదు.

రత్తమ్మని కలిసిన రెండో రోజు, ముప్పయ్యో తేదీన, చెరిపేసే ముందు, వకుళ ఆ నలభై మూడు నిమిషాల్లో ఏ నిమిషానికి ఎన్ని దెబ్బలో నోటుబుక్కు కాగితాల మీదికి చేత్తో ఎక్కించి తెచ్చుకుంది. పోలీసులకి ఇచ్చిన దాంట్లో లేనిది అదొక్కటే. దాన్ని బీరువాలో బట్టల అడుగున పెట్టింది. తీసి చూడలేదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం రత్తమ్మ, వకుళ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇంట్లో వకుళ ఒక్కతే ఉంది. మంచినీళ్ళిస్తే తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"కోర్టులో నువ్వు రాసింది చదివారు. అందులో ఒక ముక్కుంది. చెయ్యి కదిలిందని."

"అవునమ్మా."

"కదలడమంటే?"

"నేల మీద కొట్టాడమ్మా. అరచేత్తో."

"ఊరికేనా?"

"ఊరికే కాదు. బండి వస్తుంటే నేల అదురుతుంది కదా. ఆ అదురు తెలిసినప్పుడల్లా కొట్టాడు. ఆపమని."

రత్తమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. "ఎట్టా కొట్టాడో చూపీయి."

"అమ్మా..."

"నేను అర్ధమైలు దూరాన ఉన్నా. నాకు ఇనపళ్ళేదు. ఇప్పుడన్నా ఇంటా. ఎప్పుడెప్పుడు ఎన్ని కొట్టాడో, ఆ టయానికి అన్నీ కొట్టు. మొత్తం."

"నలభై మూడు నిమిషాలు పడుతుందమ్మా."

"నాకేం పనుంది."

వకుళ బీరువా తీసి కాగితాలు తెచ్చింది. అన్నం తినే బల్ల ముందు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. గోడ గడియారం చూసుకుని మొదలుపెట్టింది. మొదటి అయిదు నిమిషాలు ఏమీ లేదు. వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. తరవాత మూడు. పాల వ్యాను వచ్చినప్పుడు. వకుళ మూడు కొట్టింది.

"అంత గట్టిగానా?"

"మొదట్లో అంతే."

మళ్ళీ మూడు. మళ్ళీ నాలుగు. ఆరూ రెండు దగ్గరికి వచ్చేసరికి వకుళ చెయ్యి గాలిలో ఆగిపోయింది. కాగితం మీద ఆ నిమిషానికి ఏడు అని ఉంది. అన్నింటికంటే ఎక్కువ. మంచులో తెల్లటి వ్యాను, పైన పసుపు దీపం తిరుగుతూ వస్తుంది. దూరం నించి చూసినవాళ్ళకి అంబులెన్సులా ఉంటుంది.

"ఇది మీ బండా?" అంది రత్తమ్మ.

వకుళ తల ఊపింది.

"ఆపమాక. కొట్టు."

ఏడూ కొట్టింది. ఏడుస్తూ కొట్టింది. రత్తమ్మ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంది. ఆ తరవాత బండికీ బండికీ మధ్య ఎడం పెరుగుతూ పోయింది, దెబ్బలు తగ్గుతూ పోయాయి. రెండు. రెండు. ఒకటి. కొన్ని బండ్లకి అసలు లేదు. ఆరూ ముప్పై మూడు దగ్గర ఒక్కటే మిగిలింది, దాని పక్కన అంకె కూడా చాలా చిన్నది. వకుళ వేళ్ళ చివర్లతో తాకించి, చెయ్యి అక్కడే ఉంచేసింది. ఆ మూడు నిమిషాలూ ఇద్దరూ గడియారం వైపు చూడలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

రత్తమ్మ బల్ల మీదికి వంగి, వకుళ చెయ్యి తిప్పి చూసింది. అరచెయ్యి కందిపోయి ఎర్రగా ఉంది. దాన్ని కాసేపు తన చేతిలోనే ఉంచుకుంది.

"వాచేట్టుంది" అంది. "లేచి చన్నీళ్ళలో పెట్టుకో, పో."